ఫ్రెంచి నాణెం పొదిగిన పాత వస్తువు ఇంట్లో దొరికిందా? అదేంటో ఇలా తేల్చుకోండి

అటక మీద ఇత్తడి బిందెల వెనకాలో, అవ్వ ట్రంకు పెట్టె అడుగునో ఓ చిన్న వస్తువు దొరుకుతుంది. నల్లబడి ఉంటుంది, చేత్తో పట్టుకుంటే బరువు తెలుస్తుంది, మధ్యలో ఎవరో దొర తల ఉన్న నాణెం ఉంటుంది. చూస్తే విక్టోరియా రాణీ కాదు, జార్జి రాజూ కాదు. అక్షరాలు ఇంగ్లీషువే గానీ కూడబలుక్కుని చదివినా మాట అర్థం కాదు. ఇంట్లో అడిగితే "ఏమో నాయనా, మేం కాపురానికొచ్చినప్పటి నుంచీ ఉంది" అంటారు. అక్కడితో ఆ సంగతి ఆగిపోతుంది.

అలా ఆగిపోయిన వస్తువులు మన నెల్లూరు, ప్రకాశం వైపు చివరికి ఎక్కడికి పోతున్నాయో మీకూ తెలుసు. ఇంట్లో పెళ్ళి పెట్టుకుంటే పాత వెండి అంతా మూట కట్టి కొట్టుకి తీసుకెళ్తాం, తూకం వేసి అంత విలువకి కొత్త కంచాలో కుందులో తెచ్చుకుంటాం, ఆ మూటలో ఇది కూడా పోతుంది. కరిగాక అది ఏంటో చెప్పడం ఎవరి వల్లా కాదు. కొట్టువాడి తప్పేం లేదు, వాడికది వెండి ముద్ద. అది ఏంటో తెలుసుకోవాల్సింది మనమే. అందుకు పెద్ద చదువు అక్కర్లేదు, ఓ వారం ఓపిక, కొన్ని చిన్న సామాన్లు చాలు. ఒక్క షరతు, ఇక్కడ రాసిన వరుస మార్చొద్దు. ముందు చేయాల్సిన పని తర్వాత చేస్తే కొన్ని ఆధారాలు పోతాయి.

ముందు: కడగొద్దు, తోమొద్దు

చేతికి రాగానే మనకొచ్చే మొదటి ఆలోచన చింతపండు పెట్టి తోమడం. లేదంటే విభూతి, లేదంటే టూత్‌పేస్టు. దయచేసి ఆగండి. ఆ నలుపులో, మూలల్లో పేరుకున్న మట్టిలో, లోపల అంటుకున్న పొడిలో ఆ వస్తువుని దేనికి వాడారో చెప్పే సాక్ష్యం ఉంటుంది. టూత్‌పేస్టులో ఉండే సన్నని రాపిడి పొడి నాణెం మీద మొహం గీతల్ని కూడా అరగదీస్తుంది, అది మళ్ళీ రాదు. పైగా పాత నాణేలు సేకరించేవాళ్ళు తోమిన నాణేన్ని చూడగానే గుర్తుపట్టి ధర తగ్గిస్తారు. దుమ్ము మరీ ఎక్కువగా ఉంటే మెత్తటి పొడి బ్రష్షుతో పైపైన దులపండి. నీళ్ళు కూడా ఇప్పుడే తగలనివ్వొద్దు. మూత ఉంటే బలవంతంగా తెరవొద్దు.

ఫోటోలు, కొలతలు

తెల్ల కాగితం మీద పెట్టి, పక్కన స్కేలు పెట్టి, ఫోనుతో తీయండి. మామూలు ఫోటో ఒకటి చాలదు. గదిలో లైటు ఆర్పి ఇంకో ఫోను టార్చిని వస్తువుకి పక్కగా, దాదాపు నేలకి ఆనేటట్టు పట్టుకుని తీస్తే, అరిగిపోయిన అక్షరాలు కూడా నీడ పడి పైకి తేలతాయి. టార్చి నాలుగు వైపులా మారుస్తూ నాలుగైదు తీయండి, ఒక వైపు నుంచి కనపడని అంకె ఇంకో వైపు నుంచి కనపడుతుంది. బొమ్మ వైపు, బొరుసు వైపు, అంచు, అతుకులు, లోపల, అడుగు, ఏదీ వదలొద్దు. తర్వాత కొలతలు: నాణెం అడ్డం ఎన్ని మిల్లీమీటర్లు, మొత్తం వస్తువు ఎన్ని గ్రాములు. వంటింటి కాటా గ్రాము తేడా చూపిస్తుంది, దాంతో లాభం లేదు. గ్రాములో పదో వంతు, వీలైతే వందో వంతు చూపే చిన్న డిజిటల్ కాటా వాడండి.

నాణేన్ని చదవడం

ఇక్కడ నింపాదిగా కూర్చోండి. ఫ్రెంచి నాణేల్లో మనవైపు వస్తువుల్లో పొదగడానికి బాగా పనికొచ్చేది 5 ఫ్రాంకుల వెండి నాణెం. బరువు 25 గ్రాములు, అడ్డం 37 మిల్లీమీటర్లు, నూటికి 90 పాళ్ళు వెండి. మన పాత విక్టోరియా రూపాయి 11.66 గ్రాములు, అంటే సరిగ్గా ఒక పాత తులం. ఆ లెక్కన 5 ఫ్రాంకుల నాణెం రెండు తులాలకి కాస్త పైనే. కంసాలి చేతికి ఇది వస్తే ఆయనకి కనపడేది రాజుగారి తల కాదు, నమ్మకమైన నాణ్యత ఉన్న రెండు తులాల వెండి బిళ్ళ.

తల ఎవరిదో చూడండి. ఆకుల దండ పెట్టుకుని, చెంపల మీద గుబురు వెంట్రుకలతో కాస్త లావుపాటి మొహం ఉంటే లూయీ ఫిలిప్, 1830 నుంచి 1848 దాకా ఫ్రాన్సు రాజు. కోసుగా దువ్విన మీసాలు, గడ్డం కింద చిన్న పిలక లాంటి గడ్డం ఉంటే మూడో నెపోలియన్. ఆయన తల మీద దండ లేకపోతే 1850ల నాటిది, దండ ఉంటే 1861 నుంచి వచ్చింది. జుట్టులో ధాన్యపు కంకులు పెట్టుకున్న ఆడమనిషి తలైతే సెరెస్, పంటల దేవత. ముగ్గురు మనుషులు నిలబడి, మధ్యలో సింహం తోలు కప్పుకున్న బలమైన మగమనిషి ఉంటే హెర్క్యులిస్ బొమ్మ. దాన్ని దుప్రే అనే శిల్పి 1795లో గీశాడు, 1848లో, 1870ల్లో మళ్ళీ వాడారు. కాబట్టి ఆ బొమ్మ ఉన్నంత మాత్రాన కాలం చెప్పేయొద్దు, అంకె చూడాల్సిందే.

అంకె ఉండాల్సిన చోట 1834 లాంటి సంవత్సరం కాకుండా "ఎల్", దాని పైన కామా లాంటి గుర్తు, తర్వాత "ఎ, ఎన్", ఆ తర్వాత ఒక చిన్న సంఖ్య ఉంటే కంగారు పడొద్దు. అది ఫ్రెంచి విప్లవం నాటి పంచాంగం. ఆ సంఖ్యకి 1791 కలిపితే ఆ ఏడు మొదలైన మన సంవత్సరం వస్తుంది. నాలుగు అని ఉంటే 1795 సెప్టెంబరులో మొదలైన ఏడు అన్నమాట. 1805 చివరితో ఆ పంచాంగం ఆగిపోయింది, కాబట్టి 14 దాటి ఉండదు.

సంవత్సరం పక్కనో కిందనో ఒంటరిగా ఓ అక్షరం ఉంటుంది, అది నాణెం ఏ ఊళ్ళో అచ్చయిందో చెబుతుంది. ఎ అంటే పారిస్, కె అంటే బోర్డో, డబ్ల్యూ అంటే లిల్, రెండు బి లు కలిసి ఉంటే స్ట్రాస్‌బూర్గ్. నాణెం అంచు కనపడుతుంటే దాన్ని కూడా చదవండి. 5 ఫ్రాంకుల నాణెం అంచు మీద గాట్లు కాకుండా అక్షరాలు ఉంటాయి. రాజుల కాలంలో అయితే "ప్రభూ, రాజుని కాపాడు" అనే అర్థం వచ్చే లాటిన్ మాట, నెపోలియన్ల కాలంలోనూ తర్వాత రిపబ్లిక్ కాలంలోనూ అయితే "దేవుడు ఫ్రాన్సుని కాపాడుతాడు" అని ఫ్రెంచిలో.

ఇంకా పెద్దది, 41, 42 మిల్లీమీటర్ల అడ్డంతో 29 గ్రాములు దాటి ఉంటే అది విప్లవానికి ముందు పదిహేనో లూయీ, పదహారో లూయీ కాలం నాటి ఎక్యూ అనే వెండి నాణెం కావచ్చు. రాగి రంగులో 30 మిల్లీమీటర్లు, 10 గ్రాములు ఉంటే 1852 నుంచి 1921 దాకా వచ్చిన 10 సెంటీముల కంచు నాణెం. గింజలు చల్లుతూ నడిచే ఆడమనిషి బొమ్మైతే రోటీ అనే శిల్పి గీసింది, 1897 నుంచే వచ్చింది.

అంకె దొరికాక ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఈ వ్యాసం మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఇదే: నాణెం మీది సంవత్సరం వస్తువు పుట్టిన సంవత్సరం కాదు. 1834 నాణెం ఉన్న వస్తువు 1834కి ముందు చేసింది అయ్యుండదు, అంతవరకే అది చెప్పగలదు. 1840లో చేసుండొచ్చు, 1940లో చేసుండొచ్చు, పోయినేడు చేసుండొచ్చు కూడా. "రెండొందల ఏళ్ళ నాటిది" అని నాణెం చూపించి బేరం పెట్టేవాళ్ళు ఈ తేడాని దాటేస్తారు. నాణెం మొదటి హద్దు పెడుతుంది, మిగతాదంతా దాని మీద జరిగిన పని చెప్పాలి.

ఫ్రెంచి అక్షరాలున్నా ఫ్రాన్సు నాణెం కానివి

రెండు మూడు మనవైపు బాగా తికమక పెడతాయి. కిరణాల కిరీటం పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి, వెనకవైపు 27 గ్రాములని బరువు కూడా రాసి ఉంటే అది ఫ్రెంచి ఇండోచైనా, అంటే ఇప్పటి వియత్నాం వైపు చెల్లిన పియాస్త్రు అనే వెండి నాణెం, 1885 నుంచి 1928 దాకా వచ్చింది. సైగాను వైపు వ్యాపారానికి వెళ్ళిన తమిళుల దగ్గర, పుదుచ్చేరి వాళ్ళ దగ్గర ఉండేది, మన దాకా రావడంలో వింతేం లేదు. ఒకవైపు ఫ్రెంచి రాజుల లిల్లీ పువ్వు, ఇంకోవైపు తమిళ లిపి ఉన్న చిన్న రాగి నాణెమైతే పుదుచ్చేరి దుడ్డు. అసలు ఫ్రెంచి గుర్తు ఒక్కటీ లేకుండా పారశీక లిపితో ఆర్కాటు రూపాయిలా ఉన్నది కూడా ఫ్రెంచివాళ్ళు కొట్టింది కావచ్చు, 1736లో నవాబు దగ్గర అనుమతి తెచ్చుకుని పుదుచ్చేరిలో ఆ రూపాయలు అచ్చేశారు. వాటిలో నెలవంక గుర్తు కోసం చూడండి.

ఇంకొకటి ఉంది. కోడిగుడ్డు ఆకారంలో ఉండి, నిలబడిన మేరీమాత, చుట్టూ ఫ్రెంచి మాటలు, కింద 1830 అని ఉంటే అది నాణెమే కాదు. 1830లో పారిస్‌లో కేథరిన్ లబూరే అనే సన్యాసినికి కలిగిన దర్శనం గుర్తుగా 1832 నుంచి కొడుతున్న పతకం, ఈరోజుకీ అదే 1830తో కొడుతూనే ఉన్నారు. మన క్రైస్తవ కుటుంబాల్లో తరాలుగా మెళ్ళో వేసుకున్నవి ఉంటాయి. ఆ ఇంటికి దాని విలువ వేరే, కానీ దాన్ని 1830 నాటి నాణెం అని ఎవరైనా అమ్మబోతే కొనొద్దు.

వెండేనా, కాదా

మామూలు అయస్కాంతం దగ్గర పెట్టండి. వెండీ, కంచూ అతుక్కోవు. అతుక్కుంటే ఇనుము మీద పూత, లేదా 20వ శతాబ్దపు నికెల్ నాణెం.

వస్తువు గట్టిదైతే, అంటే లోపల బోలు లేకుండా నాణేనికి ఉంగరమో కొక్కెమో అతికించిన రకమైతే, నీళ్ళ పరీక్ష చేయొచ్చు. కాటా మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి సున్నా చేయండి. వస్తువుని సన్నని దారానికి కట్టి గ్లాసు అడుగుకీ పక్కలకీ తగలకుండా పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అప్పుడు కాటా చూపించిన అంకెతో పొడి బరువుని భాగించండి. 90 పాళ్ళ వెండికి 10.3 దగ్గర్లో వస్తుంది, కంచుకి 8.8 దగ్గర్లో, ఇత్తడికి ఎనిమిదిన్నర అటూ ఇటూ. అంటే అసలైన 5 ఫ్రాంకుల నాణెం నీళ్ళలో వేలాడితే కాటా 2.4 చూపాలి, అంతే బరువున్న ఇత్తడి నకిలీ 2.9 చూపుతుంది. డబ్బీలకి, బోలు వస్తువులకి మాత్రం ఇది చేయొద్దు. లెక్క తప్పుతుంది, లోపలున్న పొడీ పోతుంది.

గీటురాయి మీద గీయనివ్వొద్దు. నెల్లూరు ఆచారివీధిలోనో, ఒంగోలులో మీకు తెలిసిన కొట్టు ద్వారానో బంగారం నాణ్యత చూసే మిషను ఉన్నచోటికి తీసుకెళ్ళండి, గీత పడకుండా ఏ లోహం ఎంత పాళ్ళో కాగితం మీద ఇస్తారు. మూడు చోట్ల చూడమనండి: నాణెం మీద, చుట్టూ ఉన్న రేకు మీద, అతుకు మీద. ఆ అతుకు లెక్కలో క్యాడ్మియం కనిపిస్తే, మనం కేడీఎం నగలు అంటామే ఆ క్యాడ్మియమే, ఆ టంకం 20వ శతాబ్దంలోది. వస్తువు మొత్తం అప్పటిదనో, పాతదాన్ని అప్పుడు బాగుచేశారనో రెండు రకాలుగా అర్థం చేసుకోవచ్చు. అన్ని అతుకుల్లోనూ ఉంటే మొదటిది, ఒక్కదాంట్లోనే ఉంటే రెండోది అనుకోవడం న్యాయం.

నాణేనికి ఏం చేశారు?

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. పదింతలు పెద్దది చేసి చూపించే చిన్న భూతద్దం కొనుక్కోండి, గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే రకం. కిటికీ వెలుగులో కూర్చుని, నాణేన్ని కాకుండా దాని చుట్టూ ఉన్న పనిని చూడండి.

పైన చిన్న కొండీ ఉంటే, లేదా కొండీ ఊడిపోయిన మచ్చ ఉంటే, మెళ్ళోకో మొలతాడుకో వేసుకున్నది. అప్పుడు రెండు వైపుల అరుగుదల పోల్చండి. ఒంటికి ఆనే వైపు నున్నగా, సమంగా అరుగుతుంది, బయటి వైపు ఎత్తుగా ఉన్న చోట్లే అరుగుతుంది. కన్నం ఉంటే దాని అంచు వేలితో తడమండి. మేకుతో గుచ్చితే వెనకవైపు లోహం పొంగి ఉంటుంది, బర్మాతో తొలిస్తే శుభ్రంగా ఉంటుంది. వెనక రెండు పక్కలా రెండు కొండీలు ఉంటే దారమో గొలుసో అడ్డంగా దూరిందన్నమాట, కాసులపేరు లాంటి హారంలో ఒక బిళ్ళ కావచ్చు. వెనక నడిమధ్యలో ఒకే కొండీ ఉంటే గుండీ.

నాణెం అంచు మీద వెంట్రుకంత సన్నని గీత చుట్టూ తిరిగి ఉంటే ఆగి చూడండి. యూరప్‌లో నాణెం లోపలంతా తొలిచేసి, రెండు ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరేలా చేసి, రహస్య డబ్బీలుగా అమ్మేవాళ్ళు. ఒకచోట బొటనవేలితో నొక్కితే మూత తిరుగుతుంది. లోపల చిన్న బొమ్మో, గడియారమో ఉన్నవీ ఉన్నాయి. అంచులో పొడవాటి చీలిక ఉంటే లోపల మడత కత్తి ఉండొచ్చు, గోరుతో లాగకండి, తుప్పుపట్టిన బ్లేడు విరుగుతుంది. బరువే దీన్ని బయటపెడుతుంది. నాణెం కొలత 37 మిల్లీమీటర్లు ఉండి బరువు 25 గ్రాములకి చాలా తక్కువ ఉంటే లోపల తొలిచారనే.

రెండు కంచు నాణేల మధ్య ఇత్తడి పట్టీ, పైన చిన్న గొట్టం, పక్కన గరుకు చక్రం ఉంటే సిగరెట్ లైటర్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు కందకాల్లో సైనికులు ఇలాంటివి చేసుకునేవాళ్ళు. 1914 సెప్టెంబరు చివర్లో మన భారత సైన్యం మార్సెయ్‌లో దిగింది. మీ ఇంటి నుంచి ఎవరైనా ఆ యుద్ధానికి వెళ్ళినట్టు చెప్పుకుంటుంటే ఆ దారి తప్పకుండా వెతకండి.

అరచేతిలో పట్టే లోతు లేని గిన్నె, అడుగున నాణెం, పక్కన వేలు దూరే ఉంగరం ఉంటే మనవాళ్ళు ఉగ్గుగిన్నె అనేస్తారు. ఉగ్గుగిన్నెకి పాలు జారడానికి ముక్కు ఉంటుంది. ముక్కు లేకుండా ఉంగరం ఉన్నది ఫ్రాన్సులో ద్రాక్షసారా రంగు, రుచి చూసే తాస్తెవాన్ కావచ్చు, గిన్నె లోపల గుంటలు, గీతలు ఉంటే ఆ అనుమానం బలపడుతుంది. పొడవాటి పిడి ఉన్న గరిటెలో అడుగున నాణెం ఉంటే అది ఇంగ్లండులో వేడి సారా వడ్డించే గరిటె, నల్లగా మెలితిరిగిన పిడి తిమింగలం దవడ నుంచి తీసింది. ఆ పిడి పోయి చెక్కపిడి వేసినవీ ఉంటాయి. మన ఉదయగిరి చెక్క గరిటెల పని తెలిసినవాళ్ళకి చూపిస్తే ఏ చెక్కో చెప్పగలరు, మన అడవి చెక్కైతే పిడి ఇక్కడ మార్చినట్టే.

లోపల ఏం మిగిలింది?

మూత ఉన్న డబ్బీ అయితే ఈ అడుగు చాలా విలువైనది. దీన్ని మా పెద్దమ్మ ఇంట్లో దొరికిన వస్తువుతో చెప్తాను, ఎందుకంటే అక్కడే నాకు దీని సత్తా తెలిసింది. కావలి దగ్గర ఊరు. గుండ్రటి బిళ్ళ డబ్బీ, మూత మొత్తం లూయీ ఫిలిప్ 5 ఫ్రాంకుల నాణెమే, 1834, పక్కన డబ్ల్యూ, అంటే లిల్‌లో అచ్చయింది. మూత తెరిస్తే నాణెం రెండోవైపు అంకెలు లోపలికి కనపడతాయి. అడుగున చిన్న కడియం, దానికి రెండు లంకెలు మిగిలిన తెగిన గొలుసు. ఫోటో చూసినవాళ్ళందరూ ఫ్రెంచి దొరల ముక్కుపొడి డబ్బీ అన్నారు. ఇంటర్నెట్‌లో వెతికినా అలాంటి డబ్బీలే కనిపిస్తాయి, అందులో అబద్ధం లేదు.

కానీ లోపల గోధుమ రంగు పొడి లేదు, పొగాకు ఘాటు లేదు. మూలల్లో తెల్లగా, గట్టిగా, పొరలు పొరలుగా పేరుకున్న పదార్థం ఉంది. పంటి పుల్లతో ఆవగింజంత గీకి, గాజు పలక మీద పెట్టి, ఒక చుక్క నిమ్మరసం వేస్తే చుట్టూ నురగలా బుడగలు వచ్చాయి. పాత సున్నం గాలికి గట్టిపడితే సుద్దలా మారుతుంది, పులుపు తగిలితే ఇలాగే పొంగుతుంది. విభూతి కూడా కొంచెం పొంగొచ్చు, కానీ అది మెత్తటి బూడిద, పొరలు కట్టదు. కుంకుమైతే ఎర్ర మరక ఉండిపోతుంది. ఇక గొలుసు ఎందుకో అర్థమైంది: సున్నం తీసే పుల్లో, అడకత్తెరో దానికి వేలాడి ఉండేది. అది తాంబూలం వేసుకునేవాళ్ళ సున్నపు బరిణె.

తోముంటే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. మీరూ ఆవగింజంత మాత్రమే తీయండి, మిగతాది అలాగే ఉంచండి. ఎత్తిన పొడి రంగు, వాసన, గట్టిదనం ముందే రాసుకోండి.

ఎవరి చేతి పని?

డబ్బీ అడుగున, కొండీ మీద, పిడి దగ్గర చిన్న ముద్రల కోసం భూతద్దంతో వెతకండి. శిరస్త్రాణం పెట్టుకున్న ఆడమనిషి తల ముద్ర ఉంటే ఫ్రాన్సులో 1838 నుంచి వెండి మీద వేసే మినర్వా ముద్ర. దాంతోపాటు పక్కకి తిప్పిన చతురస్రంలో పనివాడి అక్షరాలు ఉంటాయి. నడుస్తున్న సింహం ఉంటే ఇంగ్లండు, దాని పక్కన లంగరు ఉంటే బర్మింగ్‌హామ్. మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్ లాంటి కంపెనీల పేరు కూడా అచ్చుగుద్ది ఉండొచ్చు.

ఏ ముద్రా లేకపోతే నిరాశ పడాల్సిన పనిలేదు. మన కంసాలులు ముద్ర వేసేవాళ్ళు కాదు, వాళ్ళ పనే వాళ్ళ సంతకం. రేకు మందం అన్నిచోట్లా ఒకేలా ఉందా, సుత్తి దెబ్బల అలలు కనపడుతున్నాయా, మూత తిరిగే బందు గొట్టాలు చేత్తో చుట్టినవా, అతుకు దగ్గర టంకం ఎంత పల్చగా పారింది, ఇవి చూడండి. పెద్దమ్మ బరిణె రేకు ఒకవైపు పల్చగా, ఒకవైపు మందంగా ఉంది, ముద్ర ఏమీ లేదు, మిషను చూపిన అతుకుల్లో క్యాడ్మియం లేదు. వయసు మళ్ళిన ఒక ఆచారి గారికి చూపిస్తే బందు చూడగానే "ఇది మనోళ్ళ పనే" అన్నారు. అలాంటి పెద్దవాళ్ళు మీ ఊళ్ళో ఉంటే వెంటనే వెళ్ళండి. కొట్లో కూర్చుని అమ్మేవాళ్ళని కాదు, నిప్పు ముందు కూర్చుని పనిచేసినవాళ్ళని అడగాలి. ముందే "ఇది ఫ్రెంచిదంటండి" అని చెప్పేయకండి. చేతిలో పెట్టి ఊరికే ఉండండి, వాళ్ళేం చెబుతారో వినండి.

మనదాకా ఎలా వచ్చుంటుంది?

పుదుచ్చేరి 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది. బకింగ్‌హామ్ కాలువ పెదగంజాం నుంచి మన తీరం పొడవునా సాగి, మద్రాసు దాటి, పుదుచ్చేరికి కాస్త ఎగువన మరక్కాణం దాకా వెళ్తుంది. ఉప్పు, కట్టెలు, ధాన్యం వేసుకుని పడవలు ఆ దారిలో తిరిగేవి. వెండి నాణెం ఒకటి ఆ పడవల్లో చేతులు మారడం కష్టమేం కాదు. 1861 ఒప్పందం తర్వాత బ్రిటిష్ ఇండియా నుంచి కూలీలు ఫ్రెంచివాళ్ళ రీయూనియన్ దీవికి వెళ్ళారు, తిరిగొచ్చినవాళ్ళ మూటల్లోనూ నాణేలు వచ్చుండొచ్చు. అయితే ఇవన్నీ వీలున్న దారులే. మీ వస్తువు ఫలానా దారినే వచ్చిందని చెప్పాలంటే మీ ఇంటి సాక్ష్యం కావాలి.

అందుకు ఇంట్లో అందరికన్నా పెద్దావిణ్ణి అడగండి. అడిగే తీరు ముఖ్యం. "అవ్వా, ఇది సున్నపు బరిణేనా?" అంటే "అవును నాయనా" అనేస్తుంది. వస్తువు చేతిలో పెట్టి "ఇది ఎవరి దగ్గర ఉండేది? ఎక్కడ పెట్టుకునేవాళ్ళు? నువ్వు మొదట యాడ చూశావు?" అని అడగండి. ఇంట్లో తాంబూలం ఎవరు వేసుకునేవాళ్ళు, ముక్కుపొడి ఎవరు పీల్చేవాళ్ళు, పుదుచ్చేరికో రంగూనుకో ఎవరు వెళ్ళారు, ఈ మూడూ వేరే రోజు అడగండి. చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ మాటల్లోనే, ఫోనులో రికార్డు చేసుకోండి. ఈ పని వాయిదా వేయొద్దని బతిమాలుకుంటున్నాను. మిషను వచ్చే ఏడు కూడా ఉంటుంది, అవ్వ జ్ఞాపకం ఉంటుందో లేదో చెప్పలేం.

చట్టం గురించి

ఇంట్లో తరాలుగా ఉన్న వస్తువైతే టెన్షన్ పడక్కర్లేదు, ఉంచుకోవచ్చు. పొలం దున్నుతుంటేనో పునాది తీస్తుంటేనో దొరికితే వేరు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి దొరికిన దాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకి తెలియజేయాలి. ఇంకోటి, పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళవాళ్ళు జాగ్రత్తగా వినండి. 1972 పురావస్తువుల చట్టం కింద వందేళ్ళు దాటిన ఇలాంటి వస్తువుల్ని దేశం దాటించకూడదు. సూట్‌కేసులో పెట్టి పంపితే విమానాశ్రయంలో పట్టుకుంటారు, వస్తువు పోతుంది, కేసూ అవుతుంది. వందేళ్ళ లోపుదని మీకు నమ్మకముంటే కేంద్ర పురావస్తు శాఖకి చూపించి, పురావస్తువు కాదనే పత్రం తీసుకున్నాకే పంపండి.

నాణెం గురించి ఇంకా అనుమానం ఉంటే చెన్నై ఎగ్మోర్‌లో ప్రభుత్వ మ్యూజియం ఉంది, నాణేల విభాగం పెద్దది. నెల్లూరు నుంచి పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావొచ్చు. ముందు ఫోటోలు, కొలతలు పట్టుకెళ్ళండి, మొదటిసారే వస్తువు మోసుకెళ్ళాల్సిన పనిలేదు. నుమిస్టా అనే వెబ్‌సైట్లో దేశం, సంవత్సరం, అడ్డం కొలత ఇస్తే మీ నాణెం బొమ్మ ఉచితంగానే దొరుకుతుంది.

రాసిపెట్టడం, దాచడం

చివరికి ఓ చీటీ రాయండి. మూడు భాగాలుగా రాస్తే మంచిది: ఖాయంగా తెలిసింది, బహుశా అనిపించేది, తెలియనిది. పెద్దమ్మ బరిణె చీటీలో ఖాయం కింద "1834 లిల్ నాణెం, 90 పాళ్ళ వెండి, లోపల సున్నం" అని ఉంది. బహుశా కింద "ఇక్కడి కంసాలి పని, సున్నపు బరిణె, క్యాడ్మియం టంకం వాడుకలోకి రాకముందు" అని ఉంది. తెలియనిది కింద "నాణెం ఎవరు తెచ్చారు, మొదట ఎవరిది" అని ఉంది. ఆ మూడో భాగం ఖాళీగా ఉంచొద్దు, కథతో నింపొద్దు. రేపు ఇంకెవరో చుట్టం వచ్చి ఏదైనా చెబితే, తేదీ వేసి కింద రాయండి.

మన తీరం గాలిలో ఉప్పు, తేమ ఎక్కువ, వెండి తొందరగా నల్లబడుతుంది. న్యూస్‌పేపరులో చుట్టొద్దు, రబ్బరు బ్యాండు అసలే వేయొద్దు, రబ్బరులోని గంధకం వెండి మీద నల్లటి గీత వేస్తుంది. ఉతికి ఆరబెట్టిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి, మందుల సీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లం ఒకటి పక్కన వేసి, గాలి చొరని డబ్బాలో పెట్టండి. చీటీ కాపీ ఒకటి డబ్బాలో, ఒకటి ఫోటోలతోపాటు ఫోనులో. ఇంట్లో పాత వెండి మార్చే మాట వచ్చినప్పుడు అందరికీ కనపడేలా డబ్బా మీద పెద్ద అక్షరాలతో "తూకానికి వేయకూడదు" అని కూడా రాయండి.